పాము కరిచిందని ఎన్నాళ్లు పూడ్చేద్దాం?

ఊళ్లో ఎనుము చచ్చిపోతే కారణం రెండు నిమిషాల్లో తేల్చేస్తారు, పాము కరిచిందనో దిష్టి తగిలిందనో అనేసి సాయంత్రానికి గుంత తీసి పూడ్చేస్తారు. చిన్న రైతుల పశువుల్ని రోగం ఎంత చంపుతోందో ఈ తొందరపాటు తీర్పు కూడా అంతే చంపుతోందని నా నమ్మకం.

మా కర్నూలు వైపు పక్కింటి అక్క ఎనుము సంగతే చూడండి. జొన్న కోతలయ్యాక ఓ వాన పడింది, మోళ్లకి పచ్చగా పిలకలొచ్చాయి, ఆ ఎండల్లో పచ్చిమేత దొరికేదే గగనం కదా, ఎనుముని అందులోకి తోలింది. అరగంటలో అది తూలి పడిపోయి కాళ్లు కొట్టుకుంది, నోట్లో నురగ. అందరూ పాము అన్నారు, కాటు గుర్తు మాత్రం ఎవరూ వెతకలేదు. అది నాము. లేత జొన్నలో, నీళ్లెద్దడికి వాడిన జొన్నలో సైనైడ్ విషం ఉంటుంది, అది ఎక్కితే రక్తంలో ఆక్సిజన్ ఉన్నా ఒళ్లు వాడుకోలేదు. టైముకి సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తే బతికే ఛాన్స్ ఉంది.

గాలికుంటుకి ఫ్రీగా టీకాలేస్తున్నారు, 1962కి ఫోన్ కొడితే పశువుల డాక్టరు వ్యాన్ వస్తుంది, ఇంకేం కావాలి అంటారు కొందరు. మంచివే, కాదనను. కానీ నాము వ్యాన్ వచ్చేదాకా ఆగదు, గాలికుంటు టీకా దాన్ని ఆపదు.

అసలు బాధ ఇక్కడుంది. చెవికి 12 అంకెల ట్యాగ్ వేసి టీకా, ఎద సూది, ఈత అన్నీ ఆ నంబర్ కింద ఎక్కిస్తున్నాం, ఎందుకు చచ్చిందో మాత్రం పట్టించుకోం. ఇన్సూరెన్స్ ఉంటేనే పోస్ట్‌మార్టం మాట వస్తుంది. వరదలో పోతే విపత్తు నిధి కింద పాడి పశువుకి పరిహారం ఇస్తారు, పిలకలు తిని పోతే ఆ లెక్కలోకే రాదు. పొలం పాస్‌బుక్ మగాయన పేరు మీదుంటుంది కాబట్టి పంట పోతే రైతుకి నష్టం అని రాస్తారు, ఎనుము పోతే పోయేది ఆడమనిషి చేతిలోని పాల డబ్బులు, పిల్లల ఫీజు, చీటీ వాయిదా, దాన్ని నష్టమని రాసేవాళ్లెవరు? ఆమెని రైతుగా చూడనంత కాలం ఆమె పశువు చావుకి కారణం ఎవరికీ అక్కర్లేదు.

ట్యాగ్ నంబర్ కిందే చావు కారణం కూడా ఎక్కించండి, ప్రతి ఊళ్లో, ఇన్సూరెన్స్ ఉన్నా లేకున్నా. ఫలానా ఊళ్లో కోతల తర్వాత నాముతో ఇన్ని పోయాయని తెలిస్తే మరుసటేడు జొన్న కోయగానే చాటింపు వేయించొచ్చు, ఆ థయోసల్ఫేట్ మందు దగ్గర్లోని పశువుల ఆస్పత్రిలో ముందే తెచ్చి పెట్టొచ్చు.