నాయిన పేరు మీద చలివేంద్రం పెట్టేటప్పుడు

ఇంటినీ ఊరినీ ఒక్కలాగే చూసుకున్న మీ నాయిన గురించి మీరు రాసింది చదివాను. ఆయన యాదిలో నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు చలివేంద్రం పెడతామన్నారు, చాలా సంతోషం. బోరు నీళ్లు మాత్రం పోయించకండి. అక్కడి బోర్లలో ఫ్లోరైడ్ బాధ తెలిసిందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. కాగబెట్టినా పోదు, నీళ్లు ఆవిరై ఇంకా ఎక్కువైతది. మిషన్ భగీరథ (సర్కారు నల్లా నీళ్ల పథకం) నీళ్లే పట్టించండి.

కొత్త రంజన్లను (నీళ్ల మట్టికుండలను) ఒకరోజు నానబెట్టి, ఆ నీళ్లు పారబోయాలి. కింద తడి ఇసుక, చుట్టూ తడి గోనెసంచి. పేరు రాయించాలని రంజనుకు పెయింట్ వేయిస్తారు చాలామంది. దాంతో మట్టి రంధ్రాలు మూసుకుపోయి నీళ్లు చల్లబడవు. పేరు బోర్డు మీదనే రాయించండి. పొడుగు కాడ గరిటె పెట్టి, ఎవరినీ చెయ్యి ముంచనియ్యొద్దు. రోజూ ఖాళీ చేసి కడగకుంటే లోపల జిగురు పడుతుంది.

ప్రారంభం రోజు అందరూ వస్తారు, మే నెలలో కుండలు ఎండుతాయి. అందుకే నెల జీతం మాట్లాడి ఒక మనిషిని పెట్టండి, రోహిణి కార్తె దాటేదాకా. పక్కనే పశువులకు ఒక తొట్టి కూడా కట్టించండి.