ఫోన్ లాక్కుంటే కోపం పోతుందా?

ఆన్‌లైన్‌లో తోటివాళ్లను ఏడిపించిన పిల్లాడి సంగతి బయటపడగానే పెద్దలు అనే మొదటి మాట: ఫోన్ లాగేసుకోండి. ఆస్ట్రేలియా అయితే 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు ప్రధాన సోషల్ మీడియా వేదికల్లో ఖాతాలే ఉండకూడదంది. సరే, ఫోన్ చేతిలో కర్రే. మరి కోపం ఎక్కడిది?

ఒక్క రోజు చూడండి. క్లాసులో ఎవరో ఈల వేశారు. టీచర్ వెనక బెంచీ కుర్రాణ్ని నిలబెట్టింది. ‘నేను కాదు మేడమ్’ అన్నాడు. ‘నోర్ముయ్’ అంది. ముందు బెంచీలో ఒకడు కిసుక్కున నవ్వాడు. రాత్రి పదింటికి ఆ నవ్వినవాడి ఫొటో గాడిద చెవులతో స్టిక్కరై క్లాసు గ్రూపులో తిరుగుతోంది. అత్త మీద కోపం దుత్త మీద!

నేరశాస్త్రవేత్త రాబర్ట్ ఆగ్న్యూ 2001లో తేల్చి చెప్పింది ఇదే: ఒత్తిళ్లన్నీ తప్పుదారి పట్టించవు, ‘ఇది అన్యాయం’ అనిపించినవాటితో ముప్పు ఎక్కువ. పేపరు కష్టంగా వచ్చి మార్కులు తగ్గితే పిల్లాడు దిగులుపడతాడు. అదే జవాబుకు పక్కవాడికి వేసి తనకు వేయలేదనిపిస్తే రగిలిపోతాడు. అన్యాయం నిజంగా జరిగిందా లేదా అన్నది తర్వాతి సంగతి, అనిపిస్తే చాలు.

ఏడిపించినవాణ్ని వెనకేసుకొస్తున్నానంటారు. లేదు. ఏడ్చిన పిల్లాడికే ముందు అండ కావాలి, చేసినవాడు జవాబు చెప్పాలి. చిన్నబుచ్చుకున్న ప్రతివాడూ స్టిక్కర్లు చేయడన్నదీ నిజమే. ఎందుకు చేయడు? చాలాసార్లు, ఇంటికెళ్లి చెప్పుకుంటే వినే మనిషి ఉంటారు కాబట్టి. మనిషి తోడు ఒత్తిడి దెబ్బను మెత్తబరుస్తుందని మనస్తత్వవేత్తలు షెల్డన్ కోహెన్, థామస్ విల్స్ 1985లోనే వివరించారు. అయితే ఎవరి తోడు? ఆ స్టిక్కర్ కింద వరసగా పడిన నవ్వు ఎమోజీలూ వాడికి తోడులాగే కనిపిస్తాయి. పెద్దవాళ్లు వినని చోట గ్రూపు వింటుంది, పైగా చప్పట్లు కొడుతుంది.

అసలు మన జబ్బు వేరే ఉంది. పెద్దలు పిల్లలకు సారీ చెప్పరు. మర్నాడు ఈల వేసినవాడు దొరికినా, ‘నిన్న పొరబడ్డానురా’ అని ఆ కుర్రాడితో అందరి ముందు అనే టీచర్లు ఎంతమంది? తల్లిదండ్రులం మనమూ అంతే. సైబర్ భద్రత మీద స్కూళ్లలో క్లాసులు పెడతారు. పాస్‌వర్డ్ ఎలా పెట్టుకోవాలో, ఎవరిని బ్లాక్ చేయాలో స్లైడ్లు వేసి చూపిస్తారు. టీచరే పొరబడితే ఎవరికి చెప్పుకోవాలో మాత్రం ఏ స్లైడులోనూ ఉండదు.