ఏఐ సాయంతో ప్రపోజల్ రాస్తే మోసమా? తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

వరంగల్, హనుమకొండ, ములుగు వైపు స్వచ్ఛంద సంస్థలవాళ్ళు, రీసెర్చ్ స్కాలర్లు ఉన్న వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఏఐ వాడి రాసిన ప్రపోజల్‌ను ఏ ఫండింగ్ సంస్థా తీసుకోదు. ఏఐ రాతను పట్టే డిటెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే క్షణంలో దొరికిపోతారు, ఆ తర్వాత బ్లాక్‌లిస్టే. ఏఐ చెప్పేవన్నీ అబద్ధాలు. మీ ఐడియా అందులో పెడితే పోయినట్టే. సొంతంగా ఇంగ్లీషులో రాసుకోలేనివాళ్ళకు అసలు గ్రాంట్ అడిగే అర్హతే లేదు.

చిన్న సంస్థలకు ప్రపోజల్స్ రాయడంలో చాలాకాలంగా సాయం చేస్తున్నాను కాబట్టి, ఇది చదివి టెన్షన్ పడ్డవాళ్ళు నాకు ఫోన్ చేస్తున్నారు. కొందరైతే గడువు దగ్గర పడ్డాక, పూర్తయిన డ్రాఫ్టును పక్కన పడేశారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను. ఆ మెసేజ్‌లో కొంత నిజం కూడా ఉంది, అదీ చెబుతాను.

"ఏ సంస్థా తీసుకోదు" అన్నది మొదటి మాట. ఇది తప్పు. సైన్స్ పరిశోధనకు నిధులిచ్చే అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2023 డిసెంబరులో ఇచ్చిన నోటీసులో దరఖాస్తుదారులు ఏఐ వాడకూడదని లేదు. ఎంతవరకు వాడారో, ఎలా వాడారో ప్రపోజల్‌లో తెలియజేయమని ప్రోత్సహించింది. బ్రిటన్‌లో వెల్‌కమ్ సహా పెద్ద నిధి సంస్థలు 2023 సెప్టెంబరులో కలిసి చేసిన ప్రకటనదీ అదే దారి: వాడితే ఆ సంగతి పేర్కొనండి. మరి నిషేధం అనే మాట ఎక్కడ పుట్టింది? అమెరికాలోనే వైద్య పరిశోధనకు నిధులిచ్చే నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ 2025లో ఒక కఠినమైన నిబంధన తెచ్చింది. ప్రధానంగా ఏఐ తయారుచేసిన దరఖాస్తును దరఖాస్తుదారు సొంత ఆలోచనగా పరిగణించబోమని చెప్పింది. ఒక పరిశోధకుడు ఏడాదికి 6 దరఖాస్తులకు మించి పెట్టకూడదని కూడా అంది, ఎందుకంటే ఏఐతో గుట్టలకొద్దీ దరఖాస్తులు పంపేవాళ్ళు తయారయ్యారు. 2025 సెప్టెంబరు 25 నుంచి ఇది అమల్లో ఉంది. అదే సంస్థ అంతకుముందు, 2023లో, ప్రపోజల్స్‌ను పరిశీలించే రివ్యూయర్లు వాటిని ఏఐలో పెట్టకూడదని ఆపింది. రివ్యూయర్ల మీద పెట్టిన ఆంక్ష, మొత్తం పనిని ఏఐకి అప్పగించేవాళ్ళ మీద పెట్టిన ఆంక్ష, రెండూ కలిసిపోయి మన ఫోన్ల దాకా వచ్చేసరికి అందరి మీదా నిషేధమని తేలింది. భాష దిద్దించుకోవడం వేరు, ఆలోచననే అరువు తెచ్చుకోవడం వేరు. మీరు దరఖాస్తు పెట్టబోయే సంస్థ ఏమంటోందో దాని నోటిఫికేషన్‌లోనే చూడండి. ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి.

ఇక డిటెక్టర్. ఎక్కువ మందిని భయపెట్టింది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

ఛాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక డిటెక్టర్‌ను విడుదల చేసింది. ఏఐ రాసిన వాటిలో అది సరిగ్గా పట్టుకున్నది 26 శాతమేనని ఆ సంస్థే చెప్పుకుంది. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ రాసినవిగా పొరబడింది. కచ్చితత్వం తక్కువగా ఉందని అదే ఏడాది జులైలో దాన్ని తీసేసింది. ఏఐని చేసినవాళ్ళే చేతులెత్తేసిన పని అది.

మనకు ఇంకా ముఖ్యమైన సంగతి మరొకటి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో 7 డిటెక్టర్లను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు ఇంగ్లీషు ఎంత వచ్చో చూసే టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను వాటికిచ్చారు. అన్నీ మనుషులు రాసినవే. సగటున సగానికి పైగా వ్యాసాలను ఆ డిటెక్టర్లు ఏఐ రాసినవేనని తేల్చాయి. అమెరికా పిల్లలు ఎనిమిదో తరగతిలో రాసిన వ్యాసాల విషయంలో మాత్రం దాదాపు తప్పు చేయలేదు. కారణం ఉంది. తర్వాత ఏ మాట వస్తుందో సులువుగా ఊహించగలిగితే అది యంత్రం రాత అని ఈ డిటెక్టర్లు అనుకుంటాయి. ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకున్నవాళ్ళు తమకు తెలిసిన కొద్దిపాటి మాటలతో, తెలిసిన వాక్యాలతో జాగ్రత్తగా రాస్తారు. ఏటూరునాగారంలో తెలుగు మీడియంలో చదివి, కాకతీయ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల తన చేత్తో రాసిన పేజీని కూడా డిటెక్టర్ అనుమానిస్తుందన్నమాట. ఆ పరిశోధకులే అవే టోఫెల్ వ్యాసాల్లో మాటలను మెరుగుపరచమని ఛాట్‌జీపీటీకి ఇచ్చారు. తిరిగి పరీక్షిస్తే తప్పుడు తీర్పులు బాగా తగ్గాయి! ఇలాంటి సాధనాన్ని నమ్మి ఒకరిని మోసగాడనడం అన్యాయం.

స్కాలర్లలో ఇంకో గందరగోళం కూడా చూస్తున్నాను. యూజీసీ 10 శాతం దాటనివ్వదు కదా అంటున్నారు. ఆ 10 శాతం 2018 నాటి ప్లేజియరిజం నిబంధనల్లోది. మీ రాత ఇంకొకరి రాతతో ఎంత కలుస్తోందన్నది దాని లెక్క. ఆ నిబంధనల్లో ఏఐ శాతం అనేదే లేదు. సాఫ్ట్‌వేర్ రిపోర్టులో ఆ శాతం, ఏఐ శాతం పక్కపక్కన కనబడినంత మాత్రాన రెండూ ఒకటి కావు.

"ఏఐ చెప్పేవన్నీ అబద్ధాలు." అన్నీ కాదు, కానీ ఇందులో నిజం పాలు ఎక్కువ. ఈ హెచ్చరికను నేనూ గట్టిగానే చేస్తాను. మన జిల్లా సంగతే చూడండి. వరంగల్ జిల్లా జనాభా అడిగితే 35 లక్షల పైచిలుకు అని రావచ్చు. అది 2011 లెక్క, పాత ఉమ్మడి జిల్లాది. 2016 అక్టోబరులో ఆ జిల్లా విడిపోయింది. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేరయ్యాయి. 2019లో ములుగు వచ్చింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా మారాయి. నర్సంపేట మిర్చి రైతుల కోసం రాసే ప్రపోజల్‌లో ఆ 35 లక్షల అంకె పడిందంటే, జిల్లాను ఎరిగిన రివ్యూయర్ మిగతా అంకెలనూ నమ్మడు.

చట్టం దగ్గర తప్పు జరిగితే ఇంకా ప్రమాదం. విదేశీ నిధులతో నడిచే ప్రాజెక్టుకు "గ్రామస్థాయి భాగస్వామ్య సంస్థలకు నిధులు బదిలీ చేస్తాం" అని ఏఐ చక్కటి ఇంగ్లీషులో రాసిపెడుతుంది. విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏకి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ నిధులను ఇంకో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. పరిపాలనా ఖర్చుల పరిమితి కూడా అప్పుడే 50 నుంచి 20 శాతానికి తగ్గింది. పాత సమాచారం మీద ఆధారపడ్డ జవాబు 50 అంటుంది, మీరు బడ్జెట్ అలాగే వేస్తారు. ఆ పైన రిఫరెన్సులు: లేని వ్యాసానికి లేని పేజీ నంబరు పుట్టించడం ఏఐకి మామూలే. ఒక్క రిఫరెన్సు కూడా తెరిచి చదవకుండా పెట్టకండి.

కాబట్టి నేను చెప్పే పద్ధతి ఇది. ముందు మీ సంగతి తెలుగులోనే రాయండి. ఏ ఊరు, ఎన్ని కుటుంబాలు, ఏం ఇబ్బంది, మీరు ఇప్పటికే ఏం చేశారు, డబ్బు వస్తే ఏ నెలలో ఏం చేస్తారు, దేనికెంత. ఇవన్నీ మీ రిజిస్టర్లలో నుంచి, మీ సర్వేలో నుంచి రావాలి. ఆ తర్వాత ఇంగ్లీషులోకి మార్చడానికి, 500 మాటల పరిమితికి కుదించడానికి, ఫండర్ అడిగిన ప్రశ్నల్లో దేనికి జవాబు రాయలేదో చూడడానికి ఏఐని వాడండి. తలకిందులుగా చేస్తే, అంటే ఏఐతో మొదలుపెడితే, ఎక్కడికైనా సరిపోయే ప్రపోజల్ వస్తుంది. ఎంపవర్‌మెంట్, సస్టైనబుల్, హోలిస్టిక్ అనే మాటలు పేజీ పేజీకీ ఉంటాయి, వరంగల్‌లో దర్రీలు (జంపఖానాలు) నేసే మన కొత్తవాడ మాత్రం ఎక్కడా కనిపించదు.

"ఐడియా పోతుంది" అన్న మాటకు పెద్ద చర్చ అక్కర్లేదు. జాగ్రత్త మాత్రం కావాలి. మీరు టైపు చేసినది ఏఐకి శిక్షణ ఇవ్వడానికి వాడుకోకుండా ఆపే సెట్టింగ్ చాలా సాధనాల్లో ఉంటుంది, దాన్ని ముందే మార్చండి. లబ్ధిదారుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్, ఆరోగ్య వివరాలు అసలు పెట్టకండి, అవి మీవి కావు. పేటెంటుకు వెళ్ళే ఆవిష్కరణ అయితే ఆ భాగాన్ని బయటి సాధనాల జోలికి పోనివ్వకండి. ఊళ్ళో నీటి సమస్య మీద రాసే ప్రపోజల్‌లో దొంగిలించడానికి ఏమీ ఉండదు. ఆ పనిని ఇంకొకరు కూడా చేస్తే మంచిదే కదా.

ఇక నాకు కోపం తెప్పించిన మాట: ఇంగ్లీషు రానివాళ్ళకు అర్హత లేదట. కొత్తవాడలో తరాలుగా దర్రీలు నేస్తున్నారు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పని గురించి, నూలు ధర గురించి, రంగుల గురించి, మగ్గం దిగిపోతున్న కుర్రాళ్ళ గురించి వాళ్ళకన్నా ఎవరికి ఎక్కువ తెలుసు? అక్కడ ఒక పెద్దాయన నాతో అన్నాడు: "మా కష్టం మాకు తెలుసు బిడ్డా, గా ఇంగ్లీషుల చెప్పుడే రాదు." కంపెనీల చట్టం సెక్షన్ 135 కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు అడగడానికి కావాల్సిన ఫారాలన్నీ దాదాపు ఇంగ్లీషులోనే. ఇన్నాళ్ళూ ఏం జరిగింది? పెద్ద సంస్థలు జీతమిచ్చి రైటర్లను పెట్టుకున్నాయి. చిన్నవాళ్ళు కన్సల్టెంట్ దగ్గరికి వెళ్ళి, గ్రాంట్ వస్తే ఇంత అని ఒప్పుకున్నారు, లేదా అడగడమే మానేశారు. స్కాలర్లలో కూడా ఇంగ్లీషు బాగా వచ్చిన గైడ్ దొరికినవాళ్ళ డ్రాఫ్టు దిద్దుబాటై వెళ్ళింది, దొరకనివాళ్ళది తప్పులతో వెళ్ళింది. ఆ సాయాలను ఎవరూ మోసం అనలేదు. డబ్బు లేనివాళ్ళ చేతికి అదే సాయం ఫోన్‌లో దొరికేసరికి ఇప్పుడు అర్హత గుర్తొచ్చింది.

ఆ మెసేజ్ కింద చాలామంది పెట్టిన జవాబు కూడా తప్పే: "వాడండి, కానీ చెప్పకండి." దాచాల్సిన పని మీరు చేయనప్పుడు దాచడం దేనికి? అడిగిన చోట తప్పక చెప్పాలి, అడగని చోట కూడా చెప్పడం మేలు. ఎలా చెప్పాలో తెలియక ఆగినవాళ్ళ కోసం, నేను రాయించే మాటలు ఇక్కడ ఇస్తున్నాను, మీ పనికి తగ్గట్టు మార్చుకోండి: "ఈ ప్రతిపాదనలోని ఆలోచన, క్షేత్ర సమాచారం, బడ్జెట్ మా సంస్థవి. మేము తెలుగులో రాసిన ముసాయిదాను ఇంగ్లీషులోకి మార్చడానికి, భాష సరిచేయడానికి ఏఐ సాధనాన్ని వాడాం. లబ్ధిదారుల వ్యక్తిగత వివరాలు అందులో ఇవ్వలేదు. ప్రతి అంకెను, ప్రతి ఆధారాన్ని మేమే సరిచూసుకున్నాం, వాటికి బాధ్యత మాదే."