సైడ్‌లైన్ నుంచి స్లిప్పులు అందుతుంటే క్వార్టర్‌బ్యాక్ ఎదిగేదెలా?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో కొత్త క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపి, బంతి విసిరేవాడు) వచ్చాడంటే చాలు, బంతిని 60 గజాలు విసరగలడా అన్న ప్రశ్న మొదలవుతుంది. పెద్ద జట్ల దాకా వచ్చిన కుర్రాళ్లలో చెయ్యి బలం లేనివాళ్లు తక్కువ. ఆటలు పోయేది ఎవరికి వెయ్యాలో తేల్చుకునే దగ్గర. అందుకు దొరికేది దాదాపు రెండున్నర సెకన్లు.

‘స్మాష్’ అనే పాత ఎత్తునే చూద్దాం. కుడివైపు చివరన ఉన్న రిసీవర్ (పాస్ అందుకునేవాడు) 5 గజాలు పరుగెత్తి ఆగి, వెనక్కి తిరుగుతాడు. లోపలి రిసీవర్ 12 గజాల దాకా నేరుగా వెళ్లి సైడ్‌లైన్ మూలకు మళ్లుతాడు. క్వార్టర్‌బ్యాక్ కన్ను మాత్రం ఎదుటి జట్టు కార్నర్‌బ్యాక్ (అంచున రిసీవర్‌ను కాపు కాసేవాడు) మీద ఉండాలి. అతను వెనక్కి జారితే బంతి కింద ఆగినవాడికి, అక్కడే కాపు కాస్తే తల మీదుగా మూలకు. బోర్డు మీద ఇంతే. మైదానంలో చూపు అర సెకను ఆలస్యమైతే పాదాలు ముందే కిందివాడి వైపు కుదురుకుంటాయి. అప్పుడు మనసు మార్చుకుని మూలకు విసిరితే ఎడమ పాదం అడ్డుపడి నడుము తిరగదు. బంతి ఒట్టి చేతి బలంతో వెళ్లి, దూరం చాలక, డిఫెన్స్‌లో అందరికన్నా వెనక నిలిచే సేఫ్టీ చేతిలో పడుతుంది. కంగారులో అడుగు మరీ పెద్దదిగా వేస్తే బరువు వెనక కాలి మీదే ఉండిపోయి బంతి రిసీవర్ తల పైనుంచి పోతుంది. జనం ‘గురి లేదు’ అనేస్తారు. క్రికెట్ చూసేవాళ్లకు ఇది కొత్తేం కాదు, కాలు కదలకపోతే బ్యాటు మాత్రం ఏం చేస్తుంది?

ఈ జబ్బుకు మందు సాధనలో ఆడటానికి దొరికే వంతులే. వాటికే కరువు. సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి సాధన చేయించకూడదన్నది కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నియమం. వీడియోలు చూపించే సమావేశాలూ అందులోకే వస్తాయి, మ్యాచ్ రోజును 3 గంటలుగా లెక్కిస్తారు. వసంతకాలం శిబిరం 15 రోజుల సాధన. మ్యాచ్‌ల వారాల్లో వంతుల్లో సింహభాగం మొదటి క్వార్టర్‌బ్యాక్‌కే పోతుంది. వెనకవాళ్లలో ఒకడు రాబోయే ప్రత్యర్థి ఆటను అనుకరిస్తూ సొంత డిఫెన్స్‌కు సాధన ఇస్తుంటాడు. అంటే తన జట్టు ఆట నేర్చుకోవాల్సినవాడు వారమంతా పరాయి జట్టు ఆట ఆడుతున్నాడన్నమాట!

దీనికి తోడు, పరీక్షలో కాపీ స్లిప్పుల్లా సైడ్‌లైన్ నుంచి కోచ్ అందించే సమాధానాలు. జట్టు గబగబా వరసలో నిలబడుతుంది, డిఫెన్స్ తన అమరిక బయటపెడుతుంది, పదకొండు తలలూ ఒక్కసారి కోచ్ వైపు తిరుగుతాయి. అమరిక చదివేది కోచ్, సమాధానం చెప్పేదీ కోచే. 2024 నుంచి అగ్రశ్రేణి కాలేజీ జట్లలో కోచ్ మాట క్వార్టర్‌బ్యాక్ చెవిలో పడే హెల్మెట్ రేడియో వచ్చింది. ఆట మొదలుపెట్టే గడువును లెక్కించే ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగలగానే అది మూగబోతుంది. తెలివైన డిఫెన్స్ సేఫ్టీలను కదిపేది ఆ తర్వాతే. మూడేళ్లు చెవిలో సమాధానం విన్న కుర్రాడు ఆ క్షణాన ఒంటరి. కాలేజీ నియమాలూ అతన్ని ముద్దు చేస్తాయి. పాస్ విసిరేలోపు లైన్‌మెన్ (క్వార్టర్‌బ్యాక్‌కు ముందు అడ్డుగోడలా నిలిచేవాళ్లు) 3 గజాల దాకా ముందుకు పోవచ్చు కాబట్టి పరుగో పాసో చివర్లో తేల్చే ఎత్తులు తేలిగ్గా పండుతాయి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ వెసులుబాటు ఒక్క గజమే.

ఒహాయో స్టేట్‌లో బెంచీ మీద గడిపి ఎల్‌ఎస్‌యూకు (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) వచ్చిన క్వార్టర్‌బ్యాక్ జో బరో 2018లో వేసిన పాస్‌లలో 57.8 శాతం చేరాయి, 16 టచ్‌డౌన్‌లు వచ్చాయి. 2019లో అదే కుర్రాడు 76.3 శాతం, 60 టచ్‌డౌన్‌లు. చెయ్యి ఏడాదిలో మారలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ నుంచి వచ్చిన కోచ్ జో బ్రేడీ, పాస్ అందుకోగల ఐదుగురినీ ముందుకు వదిలే అమరికలు తెచ్చాడు, స్నాప్‌కు (బంతి ఆటలోకి వచ్చే క్షణం) ముందు ఆటను సరిదిద్దే పని బరో చేతిలోకి వచ్చింది. జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్ లాంటి రిసీవర్లుంటే ఎవరికైనా సాధ్యమే కదా అంటారు. వాళ్లిద్దరూ 2018లోనూ అదే జట్టులో ఉన్నారు.

ఆడిన మ్యాచ్‌ల లెక్కనూ తీసిపారేయలేం. బో నిక్స్ ఆబర్న్, ఆరెగాన్ కాలేజీ జట్లలో కలిపి 61 మ్యాచ్‌లు మొదటి నుంచీ ఆడి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే 2023 డ్రాఫ్ట్‌లో నాలుగో స్థానంలో ఎంపికైన ఆంథొనీ రిచర్డ్‌సన్ కాలేజీలో అలా ఆడినవి 13. అంత దేహబలం ఉన్నవాడు తర్వాతి ఏడాదే కొన్నాళ్లు బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆటగాళ్లు కాలేజీ మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వల్ల వంతు రానివాడు మరో జట్టుకు వెళ్లిపోతున్నాడు. అతన్ని తప్పుపట్టలేం. కోచ్‌లు మాత్రం దాన్ని సాకుగా చేసుకుని, రెండోవాడిని తయారుచేయడం కన్నా తయారైనవాడిని తెచ్చుకోవడమే నయమనుకుంటున్నారు.

15 రోజుల శిబిరంలో కనీసం 5 రోజులు రేడియో ఆపేయాలి. అమరికను కుర్రాడే చదవాలి, తప్పులూ అతనే చెయ్యాలి. లైన్‌మెన్ లేకుండా ఏడుగురితో ఏడుగురు ఆడే సాధన చూపుకు మంచిదే, కానీ మీదికొచ్చేవాడు లేక పాదాలు బద్ధకిస్తాయి. అందుకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. కొందరు కోచ్‌లు ఎప్పటినుంచో చేస్తున్నట్టు, ఇద్దరు సహాయకుల చేతికి పొడుగు చీపుళ్లిచ్చి, డిఫెన్స్‌వాళ్లు ఎత్తిన చేతుల్లా వాటిని పైకెత్తి క్వార్టర్‌బ్యాక్ మీదికి నడిపిస్తే సరి.