కూలింది అనకండి, దిగింది అనండి

2024 మార్చిలో కొరిశపాడు దగ్గర హైవే మీద వాయుసేన వారి ఏఎన్-32 రవాణా విమానం దిగినప్పుడు ట్రాఫిక్ మళ్లించారు, పోలీసుల్ని పెట్టారు, పేపర్లలో ఫొటోలు వేశారు. కావలిలో మా బావ రిమోట్ హెలికాప్టర్ ప్రతి ఆదివారం దిగుతోంది. పట్టించుకున్న నాథుడు లేడు. పైగా దాన్ని 'కూలడం' అంటున్నారు. ఈ వివక్షను ఖండిస్తున్నాను.

తప్పు పైలట్‌దేనని చూసేవాళ్లు తేల్చేస్తారు. మే నెలలో మధ్యాహ్నం దాకా పడమటి వడగాలి, ఆ తర్వాత సముద్రపు గాలి. ఆ రెండూ తేల్చుకునే వేళకే బావ చేలోకి దిగుతాడు. తోక మనవైపు ఉన్నంతసేపూ హెలికాప్టర్ చెప్పిన మాట వింటుంది. ముక్కు ఇటు తిప్పిందా, కుడికి నొక్కితే మన ఎడమకు పోతుంది. బావ సరిచేస్తాడు. సరిచేసిన కొద్దీ ఇంకా పోతుంది. ముందు కంప్యూటర్లో సిమ్యులేటర్ మీద నేర్చుకో బావా అంటే, "అందులో పడితే డబ్బులు పోవు కదబ్బయ్యా, ఇంక భయమెట్టొస్తది?" అన్నాడు. కాదనలేకపోయాను.

పడే ముందు రిమోట్ మీదున్న థ్రాటిల్ హోల్డ్ స్విచ్ వేస్తే మోటారు ఆగిపోయి నష్టం చాలావరకు తగ్గుతుంది. వేయకపోతే రెక్కలు మట్టిలో దిగబడ్డా మోటారు తిప్పుతూనే ఉంటుంది, మెయిన్ గేరు పళ్లు రాలిపోతాయి. బావ ఆ స్విచ్‌ను పూజలో కలశంలా చూసుకుంటాడు, ముట్టుకోడు. గేదెలు కాసే పెద్దాయన మాత్రం ప్రతిసారీ వచ్చి, "ఏం సామీ, కరెంటు పోయిందా?" అని పరామర్శించి పోతాడు.

అసలు కథ ఇంటికొచ్చాకే. మా అక్క డ్రెస్సింగ్ టేబుల్ అద్దం ఊడదీసి మంచం మీద పరుస్తాడు. హెలికాప్టర్ నుంచి ఊడదీసిన షాఫ్ట్‌ను, అంటే రెక్కలను తిప్పే ఇరుసును, దాని మీద పెట్టి చూపుడువేలితో మెల్లగా దొర్లిస్తాడు. షాఫ్ట్ కింద సన్నటి వెలుతురు గీత కనిపించి, మాయమై, మళ్లీ కనిపించిందంటే అది వంగినట్టే. వెంట్రుకవాసి వంకర చాలు, పైకి లేవగానే మొత్తం వణుకుతుంది. ఆ గీతను బావ చాలాసేపు చూసి, "అద్దంలోనే ఏదో తేడా ఉంది" అన్నాడు. ఆ అద్దం పెళ్లికి మా నాన్న కొనిచ్చింది. ఆ రాత్రి వంటింట్లో గిన్నెల చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

రెక్కల విషయంలో మాత్రం నేను వేళాకోళం ఆడను. మూరన్నర వెడల్పున తిరిగే రెక్కలు నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. చీలిన రెక్కను జిగురుతో అతికించకూడదు, జతకు జత మార్చేయాలి. ఉబ్బిన బ్యాటరీని ఛార్జింగ్‌కు పెట్టకూడదు, అంటుకుంటుంది.

ఎగిరేది ఐదారు నిమిషాలు, ఒక బ్యాటరీకి అంతే. కొరియర్‌లో స్పేర్లు వచ్చేదాకా, వచ్చాక బిగించేదాకా మిగతా కాలమంతా మరమ్మతే. కాబట్టి ఇది మరమ్మతు యంత్రం. తర్వాత ఏది విప్పాలో తెలుసుకోవడానికి మధ్యలో ఒకసారి ఎగరేసి చూస్తారు. దీనివల్ల మగవాడు ఇంటిపట్టున ఉంటాడు, పేకాటకు పోడు, జేబులో ఉన్నదంతా స్పేర్లకే పోతుంది గనక అప్పు అడిగేవాళ్లు కూడా రారు. పొలంలో మందు కొట్టే డ్రోన్లకు సర్కారు రాయితీ ఇస్తోంది. ఇంత సంఘసేవకు ఏమీ లేదా? హెలికాప్టర్‌కు మేము అడగడం లేదు. అద్దానికి ఇస్తే చాలు.