ధర చూసి నాటొద్దంటే, మరి ఏం చూసి నాటాలి?

2025 జూన్‌లో చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు ఒక మాట తెగ వినిపించింది. ‘అందరూ ఒకే పంట పెడితే ఇంతే మరి!’ అని. కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలన్న ప్రకటన, ర్యాంపుల (వ్యాపారులు కాయ కొనే చోట్ల) దగ్గర పలికిన ధర, బంగారుపాళెం మార్కెట్‌కు జగన్ వచ్చినప్పటి రాజకీయం అందరికీ తెలిసినవే. నా అభ్యంతరం ఆ ఒక్క మాట మీదే.

మామిడి అంటు నాటితే కాపు మొదలవడానికి నాలుగైదేళ్లు పడుతుంది. నిండు కాపుకు ఇంకా ఆగాలి. నాటే రోజున రైతుకు కనిపించేది ఆ ఏడాది ధర ఒక్కటే. అదే ధర చూసి పక్క మండలంలో ఎంతమంది నాటుతున్నారో ఆయనకు చెప్పేవాళ్లు లేరు. అందరి కాయా ఒకేసారి దిగుతుంది, ధర కూలుతుంది. అర్థశాస్త్రంలో దీన్ని సాలెగూడు సిద్ధాంతం అంటారు. 1934లో ఆర్థికవేత్త కాల్డార్ పెట్టిన పేరు. గూడు ఎలా అల్లుకుంటుందో పుస్తకాల్లో బొమ్మ గీసి మరీ చూపిస్తారు. అందులో ఇరుక్కున్నవాడి అప్పు మాత్రం ఆ బొమ్మలో ఉండదు.

పులివెందుల అరటి రైతు దెబ్బతింటే ఏడాది తిరిగేలోపు తోట దున్నేసి వేరే పంటకు మళ్లగలడు. బొప్పాయి రైతూ అంతే. మామిడికి, చీనీకి (బత్తాయికి) ఆ వెసులుబాటు లేదు. చెట్టు కొట్టేస్తే ఇన్నేళ్ల పెట్టుబడి కట్టెల ధరకు పోతుంది. కొట్టేసిన మరుసటి ఏడాదే ధర పెరిగితే? ఆ టెన్షన్‌తోనే రైతు తోటను ఉంచుకుంటాడు. అందుకే రేటు పెరిగితే ఎకరాలు చకచకా పెరుగుతాయి, పడితే మాత్రం తగ్గవు. నల్గొండలో బత్తాయి తోటలు ఎన్నో పోయాయి కదా అంటారేమో. అక్కడ ట్యాంకర్లతో నీళ్లు పోసి మరీ చెట్లను కాపాడుకోవాలని చూశారు. వాళ్ల చేత గొడ్డలి పట్టించింది ఎండిన బోర్లు.

రైతు తన పొలానికి తానే యజమాని, లాభమొచ్చినప్పుడు తీసుకున్నవాడు నష్టమూ భరించాలి కదా అని వాదించేవాళ్లున్నారు. అలాగే అనుకుందాం. కానీ అతన్ని తోట వైపు నడిపించిందెవరు? ఉపాధి హామీ కింద గుంతలు, మొక్కలు, మూడేళ్ల సంరక్షణ ఖర్చు ఇచ్చింది ప్రభుత్వమే. డ్రిప్‌కు 90 శాతం రాయితీ ఇచ్చిందీ అదే. ఆ రాయితీలు తప్పని నేననను. నాటించడానికి ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లు, కాయ చేతికొచ్చాక ‘మార్కెట్ శక్తులు’ అని చేతులు దులుపుకుంటేనే ఒళ్లు మండుతుంది. మన పాలకులకు ఎకరాల పిచ్చి. ఉద్యాన శాఖ సమీక్షలో లక్ష్యమంటే ఎన్ని ఎకరాలు పెరిగాయన్నదే. ఆ కాయ ఎవరు కొంటారన్నది లక్ష్యాల్లో ఉండదు.

ఇదే ఉద్యాన శాఖ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆయిల్‌పామ్ విషయంలో వేరే దారి పట్టింది. మండలాలను కంపెనీలకు పంచి, తమ పరిధిలోని గెలలు కొనాల్సిన బాధ్యత వాటి మీదే పెట్టింది. ధరకు ఒక లెక్క ఉంది, నెలనెలా ప్రకటిస్తారు. 2022లో టన్ను 20 వేలు దాటిన గెల ధర ఆ తర్వాత బాగా పడింది. రైతులు తిట్టుకున్నారు, ధర్నాలు చేశారు. కానీ తెలంగాణలోని అశ్వారావుపేట ఆయిల్‌పామ్ రైతుకు గెల ఎక్కడ తోలాలన్న బెంగ లేదు. పామాయిల్‌కు కుదిరిన ఒప్పందం మామిడి గుజ్జుకు ఎందుకు కుదరదు?

గుజ్జు ఫ్యాక్టరీకి తన గోదాములో పాత సరుకు ఎంత మిగిలిందో డిసెంబరుకే తెలుసు. రైతుకు అది జూన్‌లో గేటు ముందు తెలుస్తుంది. అప్పటికి మందులకూ కూలీలకూ డబ్బు పెట్టేసి ఉంటాడు. ఆ నిల్వల లెక్కను, కొనబోయే టన్నులను ఫ్యాక్టరీల చేత రాయించి, పూత మందు కొట్టకముందే ప్రతి రైతు సేవా కేంద్రం గోడకు అంటించమనండి.