టెన్షన్ తగ్గించే సీసాలో వట్టివేరు ఎందుకు ఉండాలి

మనసు తేలికపడే అరోమాథెరపీ మిశ్రమం, అంటే వాసన పీల్చడానికో ఒంటికి రాసుకోవడానికో వాడే సుగంధ నూనెల కలయిక, ఎలా కలపాలో నెట్‌లో వెతకండి, అందరూ ఒకటే చెప్తారు. లావెండర్ ఇన్ని చుక్కలు, నిమ్మజాతి బెర్గమాట్ ఇన్ని, చామంతిలాంటి పువ్వు క్యామొమైల్ ఇన్ని. తిరుపతిలో ఏ స్పాకో యోగా సెంటర్‌కో వెళ్లినా నూనె వాసనని గాల్లోకి వదిలే డిఫ్యూజర్‌లోంచి అదే వాసన వస్తుంది. నా మాట సూటిగా చెప్పేస్తాను. ఈ ప్రాంతపు మనిషికి మనసు కుదుటపడాలంటే ఆ మిశ్రమానికి పునాది వట్టివేరు, గంధం, దవనం కావాలి. లావెండర్‌ని తీసి పారేయమనను, పక్కన ఉంటే చాలు.

ఇది స్వదేశీ అభిమానంతో అంటున్న మాట కాదు, ముక్కు పనిచేసే తీరే అలాంటిది. చూపు, వినికిడి లాంటివి మెదడులో థాలమస్ అనే చోట ఆగి ముందుకు వెళ్తాయి. వాసన ఆ మజిలీతో పని లేకుండానే భయాన్నీ ఉద్వేగాన్నీ చూసుకునే అమిగ్డాలాకి చేరిపోతుంది, జ్ఞాపకాలకు సంబంధించిన భాగాలు కూడా ఆ పక్కనే ఉంటాయి. జపాన్‌లోని కగోషిమా యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ఎలుకల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. లావెండర్‌లో ఉండే లినలూల్ అనే పదార్థం ఆవిరిని పీల్చిన ఎలుకల్లో ఆందోళన తగ్గింది, వాసన తెలియకుండా చేసిన ఎలుకల్లో మాత్రం తగ్గలేదు. అంటే అక్కడ పని జరిగింది ముక్కు దారిలోనే. మనిషి దగ్గరకొచ్చేసరికి దీనికి జ్ఞాపకం కూడా తోడవుతుంది. ఏ వాసన దగ్గర మనం నిశ్చింతగా ఉన్నామో ఆ వాసన మళ్లీ తగిలితే ఒళ్లు దానంతటదే సడలుతుంది. లావెండర్ పొలాల పక్కన పెరిగినవాళ్లకు లావెండర్ ఆ పని చేస్తుంది. వేసవిలో కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లుకున్న ఇంట్లో పెరిగినవాడికి, అమ్మ జడలో దవనం మరువం చూసిన పిల్లకి, ఆ పని చేసేది వేరే.

ఇంతకీ ఆ లినలూల్ ఏదో ఫ్రాన్స్ సొత్తు అనుకుంటారేమో. ధనియాల నుంచి తీసిన నూనెలో సగానికి పైగా ఉండేది అదే. తులసిలోనూ ఉంటుంది.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసేది తిరుమల కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఈ నాలుగు సందర్భాలకూ ముందొచ్చే మంగళవారం ఆలయమంతా కడిగి పరిమళ జలం చల్లుతారు కదా, అందులో ఏమేం కలుస్తాయో ఒకసారి చూడండి. నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డ కర్పూరం, గంధం పొడి, కుంకుమ, కిచిలిగడ్డ. పెర్ఫ్యూమ్ తయారుచేసేవాళ్లు పై వాసన, నడిమి వాసన, అడుగు వాసన అని మూడు మెట్లు చెప్తారు. ముందు ముక్కుకి తగిలి త్వరగా ఎగిరిపోయేది కర్పూరం, మధ్యలో నిలబడేవి కిచిలిగడ్డా కస్తూరి పసుపూ, చివరిదాకా మిగిలేది గంధం. అంత చక్కటి అమరిక ఉన్న మిశ్రమాన్ని పక్కనే పెట్టుకుని, ఎక్కడో ఎవరో రాసిన కొలతల్ని చుక్క పొల్లుపోకుండా కాపీ కొడుతున్నామంటే నాకు నిజంగా బాధేస్తుంది.

అయితే గుడి మిశ్రమాన్ని ఉన్నదున్నట్టు ఒంటికి రాసుకోమని కాదు. కర్పూరం చిన్నపిల్లలకు ప్రమాదం, కడుపులోకి పోతే ఫిట్స్ కూడా రావచ్చు. పసిపిల్లలున్న ఇంట్లో కర్పూరం, నీలగిరి తైలం, పుదీనా తైలం మొహం దగ్గరకు రానివ్వకండి.

కలపడం ఎలాగంటే, ముందు చిన్న ఖాళీ గాజు సీసాలో నూనెలు మాత్రమే కలపండి. నా లెక్క ఇది: గంధం నాలుగు చుక్కలు, వట్టివేరు రెండు, లావెండర్ ఐదు, దవనం ఒక్కటే. దవనం నూనెకి పండిన పండ్ల తీపి ఉంటుంది, ఒక్క చుక్క ఎక్కువైతే మిగతావన్నీ దాని కింద పడిపోతాయి. వట్టివేరు నూనె చిక్కగా ఉంటుంది, సీసా వంచినా చుక్క వెంటనే దిగదు, ఆత్రపడి విదిలిస్తే నాలుగైదు ఒకేసారి పడి అంతా మట్టివాసన అవుతుంది, కాబట్టి డ్రాపర్ వాడండి. కలిపాక మూత పెట్టి రెండు మూడు రోజులు వదిలేయండి, అప్పటికి గానీ ఒకదాని పొగరు ఇంకోటి అణచదు. తర్వాత శుద్ధి చేసిన కొబ్బరి నూనె పది మిల్లీలీటర్లకు ఈ మిశ్రమం నాలుగు చుక్కలు కలిపితే సుమారు 2 శాతం అవుతుంది, పెద్దవాళ్లకు మణికట్టుకీ మెడ వెనకాలకీ అది చాలు. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే వాడాలి. నిమ్మగడ్డి నూనె చవగ్గా దొరుకుతుంది కదా అని గుమ్మరించకండి. అందులో ముప్పాతిక భాగం సిట్రల్ అనే ఘాటు పదార్థమే, చర్మం మంటెత్తుతుంది. మామూలు బెర్గమాట్ నూనె రాసుకుని తిరుపతి ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది, కాబట్టి అది వాడకపోయినా మనకొచ్చే నష్టం లేదు.

లావెండర్ మీద జరిగినన్ని పరిశోధనలు వట్టివేరు మీద జరగలేదు కదా అని కొందరంటారు. నిజమే. జర్మనీలో లావెండర్ నూనె క్యాప్సూల్‌ని ఆందోళనకు మందుగానే అమ్ముతున్నారు. కానీ అది మింగేది, డిఫ్యూజర్‌లో వేసేది కాదు. వాసన చూపించి చేసిన ప్రయోగాల్లో చాలావరకు చిన్నవి, పైగా ఎవరికి అసలు నూనె ఇచ్చారో ఎవరికి ఉత్తుత్తిది ఇచ్చారో దాచడం కుదరదు, ముక్కు పట్టేస్తుంది. ఆ చిక్కు అన్ని నూనెలకూ ఉన్నప్పుడు నా ముక్కు ఎరిగిన వాసననే ఎంచుకుంటాను.

అసలు సంగతికి వస్తాను. ఈ నూనెలకు కావాల్సిన పంట మన నేల మీద పండుతుంది, నూనె మాత్రం మనం తీయం. కుప్పం, పలమనేరు వైపు రైతులు చామంతి, బంతి పండించి బెంగళూరుకీ చెన్నైకీ లారీల్లో పంపుతారు, రేటు పడిపోతే ఆ పూలు రోడ్డు పక్కనే కుప్పలుగా వాడిపోతాయి. 2025లో తోతాపురి మామిడికి జరిగింది చూశాం, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. పండు ఆగదు, పువ్వు అసలే ఆగదు. నూనె ఆగుతుంది. వట్టివేరు నూనెని నీడలో మూత బిగించి పెడితే ఏళ్ల తరబడి చెడదు, పాతబడేకొద్దీ వాసన ఇంకా గుండ్రంగా అవుతుంది. రేటు లేకపోతే రైతు దాచుకుని ఏడాది తర్వాత అమ్ముకోవచ్చు. చిత్తూరు రైతు చేతిలో ఎప్పుడూ లేనిది ఆ ఓపిక పట్టే వీలే, దాన్ని ఇచ్చే పంటల గురించి ఏ పార్టీ మేనిఫెస్టో మాట్లాడదు.

దవనం చలికాలంలో మూడున్నర నాలుగు నెలల్లో చేతికొస్తుంది. నిమ్మగడ్డి ఒకసారి నాటితే నాలుగైదేళ్లు కోసుకోవచ్చు, పశువులు పెద్దగా ముట్టవు. వట్టివేరుకి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. కేంద్రం 2017లో తన శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ ఆధ్వర్యంలో సుగంధ పంటల కోసం అరోమా మిషన్ మొదలుపెట్టింది, జమ్ములోని దోడా వైపు కొండ రైతులు దాని ఆసరాతో లావెండర్ వేసి నూనె తీసి అమ్ముకుంటున్నారు. అక్కడి కొండలకు లావెండర్ సరిపోయింది, ఇక్కడి ఎర్రనేలకు దవనం, నిమ్మగడ్డి, వట్టివేరు సరిపోతాయి. అదే మిషన్‌లో పనిచేసే, ఔషధ సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే సీమ్యాప్ సంస్థ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. కావాల్సింది మండలానికొక ఆవిరితో నూనె తీసే బట్టీ, దాన్ని నడిపే రైతు సంఘం. టీటీడీ 2021లో తన ఆలయాల్లో వాడిన పూలతో ఏడు రకాల అగరుబత్తులు తెచ్చింది, జనం ఇష్టంగా కొంటున్నారు. అదే కౌంటర్‌లో చిత్తూరు దవనం నూనె సీసా ఎందుకు ఉండకూడదు? ఏడాది పొడవునా కొండకొచ్చే భక్తుల కన్నా పెద్ద మార్కెట్ మన రైతుకి ఎవరు చూపించగలరు?

అప్పటిదాకా కొనేవాళ్లు కళ్లు తెరిచి కొనాలి. మల్లెపూల నుంచి మామూలుగా ఆవిరితో నూనె తీయరు. వాసనని కరిగించి లాగే సాల్వెంట్ అనే రసాయనంతో తీస్తారు, కిలో రావాలంటే వందల కిలోల పూలు కావాలి, అలాంటిది నూటయాభై రూపాయల సీసా మీద 'ప్యూర్ జాస్మిన్ ఎసెన్షియల్ ఆయిల్' అని ఉంటే అది ల్యాబ్‌లో చేసిన సెంటు. అసలు గంధం నూనె కిలో లక్ష రూపాయల పైమాటే. శేషాచలం ఎర్రచందనం నుంచి తీశాం అని ఎవరైనా చెప్తే అసలు నమ్మకండి, ఎర్రచందనానికి శ్రీగంధం వాసన ఉండదు. సీసా మీద మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారు, ఎక్కడ పండింది, బ్యాచ్ నంబరు, ఈ నాలుగూ ఉన్నాయేమో చూడండి. గంధమైతే శాంటాలమ్ ఆల్బమ్ అని, దవనమైతే ఆర్టెమీసియా పాలెన్స్ అని ఉండాలి. లేకపోతే షాపువాడిని అడగండి, వాడు కంపెనీని అడుగుతాడు, కంపెనీ రైతు దగ్గరకు వస్తుంది.